ఆవిరిలో మంత్రిగారి పొట్ట

ఉల్లాస శాఖ వారూ, మా తిప్ అక్క ఆవిరిస్నానాల ఇంటికి తాళం వేయించింది మీరు. ఇంకొకరి మీదికి నెట్టకండి. బ్యాంకాక్‌ను "ఆసియా ఇంద్రధనుస్సు రాజధాని"గా ప్రకటించింది మీరే, ఆ ఇంటి తలుపుకి సీలు వేయమన్నదీ మీరే. అయినా నేను మిమ్మల్ని పొగడటానికే రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు చెబితే అదే పొగడ్త.

మీ శాఖ సహాయ మంత్రి థనకోన్ గారు టీవీలో సెలవిచ్చారు: "మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు ఈ నగరానికి ఆస్తి. వాళ్ల బార్లు, డాన్సు హాళ్లు, ఆవిరిగదులు అన్నీ చూపిస్తూ మ్యాప్ వేయించాం. అందులో మొదటి చుక్కను ఆదివారం నేనే స్వయంగా ప్రారంభిస్తాను."

ఆ మొదటి చుక్కే మా తిప్ అక్క ఇల్లు. అక్క అంటే డెబ్భై ఏళ్ల మగమనిషి. లిప్‌స్టిక్ లేనిదే కౌంటర్లో కూర్చోదు. ఇళ్లలోంచి గెంటేసినప్పుడు మాలో సగం మందికి వేడి గంజి పోసింది ఆ చెయ్యే. అక్క లైసెన్సు రెన్యువల్ ఉల్లాస శాఖలో ఉల్లాసంగా నిద్రపోతోంది. అది రాకపోతే ఇల్లు మూతే. మంత్రిని ఒక్క మాట అడగాలని అక్క ఆశ.

ఆదివారం మధ్యాహ్నం మంత్రిగారు, పీఏ, ఫొటోగ్రాఫరు దిగారు. ఎండలో కారు దగ్గర నిలబడ్డ డ్రైవరు బున్‌లెర్ట్‌ను చూసి అక్క కేకేసింది. "నువ్వెందుకురా మాడటం? నువ్వూ రా! బట్టలు, బూట్లు, ఫోన్లు అన్నీ లాకర్లో పెట్టండి నాయనా. కెమెరా ఒక్కటే లోపలికి. ఇదిగో తువ్వాళ్లు."

"అమ్మా, ఈయన మంత్రి!" అన్నాడు పీఏ.

"లోపల మంత్రులుండరు బాబూ. ఒళ్లే ఉంటాయి."

కెమెరా వైపు చూసి మంత్రిగారు చిరునవ్వు నవ్వారు. "ప్రజల్లో ఒకడిగా వెళ్తాను" అన్నారు. ఆయన రాజకీయ జీవితంలో నెరవేరిన మాట ఇదొక్కటే. మిగిలిన చిన్న గులాబీరంగు తువ్వాలు ఆయనకే వచ్చింది.

ఎదుటివాడు పెద్దా చిన్నా తేలనిదే మా వాళ్ల చేతులు దండానికి లేవవు. ఎవరు ముందు దండం పెట్టాలి, చేతులు గడ్డం దాకానా, నుదుటి దాకానా? బూట్లు, వాచీ, యూనిఫాం చూసి తేల్చుకుంటాం. ఆవిరిగదిలో అవేవీ లేవు. మిగిలింది పొట్ట. మంత్రిగారికి ఉన్నవి పక్కటెముకలు. బున్‌లెర్ట్ పొట్ట పున్నమి చంద్రుడు. పైగా మెడలో బిస్కెట్టంత తాయెత్తు. గదిలో చేతులన్నీ ఒక్కసారిగా అటే లేచాయి. కళ్లద్దాలు మసకబారిన పీఏ కూడా అటే దండం పెట్టాడు.

"పెద్దాయనకి చోటివ్వండే అక్కల్లారా!" అని అరిచాడు మా జియాప్. సాయంత్రాలు బార్లో గౌను వేసుకుని పాడే గొంతు అది, గోడలు అదిరాయి. మంత్రిగారి కోసం కట్టిన మల్లెదండ డ్రైవరు చేతిలో పడింది.

"అయ్యో, నేను కాదండీ..." అన్నాడు బున్‌లెర్ట్.

"ఏం వినయం! ఏం వినయం!" ఒకటే చప్పట్లు.

మంత్రిగారు ముందుకు తోసుకొచ్చారు. "నేనురా మంత్రిని!"

"కిందటి వారం నేను మహారాణిని" అన్నాడు జియాప్. "ఇదిగో బక్కోడా, ఈ గంజి గిన్నెలు పంచు."

అక్క కళ్లకి ఆవిరిలో ముఖాలు ఆనలేదు, తనూ పొట్టకే దండం పెట్టింది. "అయ్యా, నా లైసెన్సు..."

బున్‌లెర్ట్ ఆమె ముఖం చూశాడు. ఏళ్ల తరబడి ముందు సీట్లోంచి ఉపన్యాసాలు విన్నవాడు, మొత్తం కంఠతా వచ్చు. గొంతు సవరించుకున్నాడు. "సోదరులారా! లైసెన్సు రేపే ఇస్తాం. ఈ గుమ్మం ఎవడూ తొక్కడు. ఆవిరిలో నిమ్మగడ్డి ఇంకాస్త వేయండి!" మంత్రిగారి ఉపన్యాసాల్లో ఎన్నడూ లేనిది ఆ నిమ్మగడ్డి ఒక్కటే. జియాప్ పాటెత్తుకున్నాడు. పొట్ట నాట్యం చేసింది. నేనూ చేశాను, జారిపడ్డాను, లేచి మళ్లీ చేశాను.

అంతలో ఈలలు. సదాచార దళం! అదీ ఉల్లాస శాఖదే. వారానికొక చెడ్డ చోటు మూయించడం వాళ్ల పని. చెడ్డ చోట్లు ఎక్కడున్నాయో తెలియక తిరుగుతుంటే, పాపం, శాఖవారి కొత్త ఇంద్రధనుస్సు మ్యాప్ దొరికింది. మొదటి చుక్కతోనే మొదలుపెట్టారు.

దళపతి లోపలికి దూకాడు, పొట్ట చూశాడు, చేతులు నుదుటికి పోయాయి. "అయ్యా, తమరిక్కడ..."

"ఈ ఇల్లు మూయకూడదు" అన్నాడు బున్‌లెర్ట్.

"చిత్తం. కానీ ఉత్త చేతులతో వెళ్తే పైవాళ్లు తిడతారు. ఒక్కణ్ణైనా ఇప్పించండయ్యా."

గులాబీ తువ్వాలు ముందుకు దూకింది. "మూర్ఖుడా! నేను మంత్రిని! నిన్ను డిస్మిస్ చేస్తా!"

దళపతి పొట్టవైపు తిరిగాడు. "ఈ బక్కోడు మీకు తెలుసాండీ?"

బున్‌లెర్ట్ ఆలోచించాడు. నలుగురిలో నన్ను ఎరిగినట్టు నోరు తెరవకు అని మంత్రిగారు రోజూ చెప్పేవారు. నమ్మకమైన మనిషి. "తెలీదు" అన్నాడు.

బక్కాయన్ని గంజి గిన్నెతో సహా వ్యానెక్కించారు. దళంలో మిగిలినవాళ్లు కూర్చుని గంజి తాగారు. ఉప్పు సరిపోయిందన్నారు.

సోమవారం పేపర్లో శాఖవారి ఫొటో వచ్చింది. నిండా ఆవిరి, మధ్యలో పొట్ట, సగం మల్లెదండ. కింద రాత: "ప్రజలతో మమేకమైన మంత్రి థనకోన్. ఆవిరి వల్ల కాస్త లావుగా కనిపిస్తున్నారు." అదే పేజీలో ఒక మూల: మంత్రినని చెప్పుకుంటున్న పిచ్చివాణ్ణి సదాచార దళం పట్టుకుని, మందలించి వదిలేసింది.

మంగళవారం అక్క తలుపుకి సీలు పడింది. మంత్రి నోటిమాట చెల్లదట. అక్క గంజికుండ పెట్టుకుని పేవ్‌మెంటు మీద కూర్చుంది. లిప్‌స్టిక్ చెరగలేదు.

ఉల్లాస శాఖ వారూ, తేల్చండి. ఆ పొట్ట మంత్రిగారిదైతే ఆ మాటా మంత్రిగారిదే. ఈ ఆదివారంలోగా సీలు తీసి, లైసెన్సు అక్క చేతిలో పెట్టండి. పొట్ట మంత్రిగారిది కాకపోతే, గులాబీ తువ్వాలుతో మీ వ్యాన్‌లో కూర్చున్నదెవరో పేరు రాసి, రేపటి పేపర్లో వేయండి. ఏదో ఒకటి చెయ్యండి, ఇప్పుడే చెయ్యండి. సీలు తీయడానికి మాత్రం ఆ బక్కాయన్ని పంపకండి. లావాటాయన్ని పంపండి. ఆయన గిన్నె కడిగి పెట్టాం.