నిమ్మకాయలు తొక్కని కారు

ఒక పెద్ద అడవిలో రోడ్లు తక్కువ, కార్లు ఎక్కువ. ఎవరి గుణమేమిటో తెలియాలంటే వాళ్లతో మాట్లాడే అలవాటు అక్కడ ఏనాడో పోయింది. వాకిట్లో ఆగిన బండిని చూస్తే చాలు.

ఎండాకాలం ముందు ఆ అడవికి ఒక అగ్నిమాపక అధికారి కావాల్సి వచ్చింది. పదకొండేళ్లుగా ఆ పని ముంగిసమ్మే చేస్తోంది, కాంట్రాక్టు మీద. ఈసారైనా పర్మనెంటు అవుతానని దాని ఆశ. కాకపోతే నెలాఖరుకి ఇంటికే.

ఎంపిక కమిటీకి నక్క చైర్మన్.

"ప్రశ్నలడిగితే అభ్యర్థులు అబద్ధాలు చెబుతారండీ. బండి చెప్పదు. అందుకే ఈసారి ఇంటర్వ్యూ పార్కింగులో," అంది నక్క.

"భలే చెప్పారు సార్," అంది ఎలుగుబంటి. కమిటీలో దాని పని అదే.

ముందు నెమలి వచ్చింది. కొత్త ఎర్ర కారు. తెరుచుకున్న పైకప్పులోంచి పింఛం విప్పుకుని, చడీచప్పుడు లేకుండా జారుకుంటూ వచ్చి ఆగింది. సీట్ల మీద షోరూం ప్లాస్టిక్కు ఇంకా అలాగే ఉంది.

"ఎరుపంటే తెగువ. పైకప్పు తెరిచి ఉందంటే విశాల హృదయం," అంటూ నక్క రాసుకుంది. "చప్పుడు విన్నారా? లేదు. అంత ప్రశాంత స్వభావం."

"ఆ ప్లాస్టిక్కు, సార్?"

"ముందుజాగ్రత్త. నిప్పుతో పనికి కావాల్సిందే అది."

తర్వాత ముంగిసమ్మ ట్రాక్టరుకు కట్టిన ట్యాంకరుతో దడదడలాడుతూ వచ్చింది. కుళాయికి గుడ్డ చుట్టినా నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"ఇదేమిటమ్మా?"

"నీళ్ల ట్యాంకరండీ. మంటలార్పేది."

"అది కనబడుతూనే ఉంది. ఇందులో మీ వ్యక్తిత్వం ఎక్కడుందని అడుగుతున్నా."

"నీళ్లయితే చెరువు దగ్గర పట్టించుకొచ్చానండీ. అది ఎక్కడ పట్టిస్తారో నాకు తెలీదు."

నక్క పెదవి విరిచింది. "కారుతోంది, అంటే నోట్లో మాట దాగదు. వెనక బరువు లాగుతోంది, అంటే గతాన్ని వదల్లేదు."

ఉద్యోగం నెమలికొచ్చింది.

ఆ వారంలోనే, బుధవారం మధ్యాహ్నం, కమిటీ ఆఫీసు వెనక వెదురుపొదలు అంటుకున్నాయి. నక్క నెమలికి ఫోను చేసింది.

"రాలేనండీ," అంది నెమలి. "కారుకింకా పూజ కాలేదు. రేపు పొద్దున ముహూర్తం. చక్రాలతో నిమ్మకాయలు తొక్కించకుండా ఇంజను స్టార్టు చేస్తే అరిష్టం కదండీ."

"మరి ఇంటర్వ్యూకెలా తెచ్చావయ్యా?"

"గట్టు మీద దాకా అడవిపందులతో తోయించానండీ. మీ పార్కింగు పల్లంలోనే ఉందిగా."

నక్క ఫోను పెట్టేసరికి పొగ కిటికీలోంచి లోపలికొస్తోంది. బయట దడదడ వినిపించింది.

"ఎక్కండి సార్," అంది ముంగిసమ్మ. "కారుతుంది, కాస్త చూసుకుని కూర్చోండి."

చైర్మన్, సభ్యుడు ట్యాంకరు మీద కూర్చుని తడుస్తుంటే, ముంగిసమ్మ సాయంత్రానికి మంటలార్పింది.

మర్నాడు కమిటీ నెమలిని పిలిపించి మళ్లీ కూర్చుంది. ముంగిసమ్మ మూతి కడుక్కుని, గుమ్మం దగ్గర నిలబడింది.

"మనం తప్పు చేశాం," అంది నక్క. ముంగిసమ్మ గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేసింది. "ఈ ఉద్యోగానికి తగిన గుణం ఎర్ర కారులో లేదు. ట్యాంకరులో ఉంది. నెమలిగారూ, మీరు బండి మార్చాలి."

సోమవారానికల్లా నెమలి కొత్త ట్యాంకరు తెచ్చింది. గీత లేదు, చుక్క కారడం లేదు.

"ఇందులో నీళ్లున్నాయా?" అంది ఎలుగుబంటి. చైర్మన్ని కాక ఇంకొకర్ని అది అడిగిన మొదటి ప్రశ్న ఇదే.

"పోస్తే తుప్పు పడుతుందండీ."

"మళ్లీ ముందుజాగ్రత్త," అంటూ నక్క రాసుకుంది.

ముంగిసమ్మ కాంట్రాక్టును మాత్రం పన్నెండో ఏటికి పొడిగించారు.

"మంటలొస్తే నన్ను పిలుస్తారా సార్?" అని అడిగింది ముంగిసమ్మ.

"నిన్ను కాక ఇంకెవర్ని పిలుస్తామమ్మా," అంది నక్క, నొచ్చుకుంటూ.

ఇందులో నీతి: మంటలార్పడానికి నీళ్లు కావాలి గానీ, ఆ ఉద్యోగానికి పొడి ట్యాంకరు చాలు.