ఆవగింజంత ఉచ్చు

ఒక పెద్ద అడవిలో, అంటే ఏడు కమిటీలు పట్టేంత పెద్ద అడవిలో, కుందేలు పిల్లలు వేటగాళ్ల ఉచ్చుల్లో పడిపోతున్నారు. వారంలో ఇద్దరు పోయారు. మిగిలిన ముగ్గురినీ పొట్ట కింద దాచుకుని తల్లి కుందేలు ఏడుస్తుంటే, పక్క చెట్టు మీది ఉడత చుక్కమ్మ దిగి వచ్చింది.

"చెబితే వినే వయసు కాదు వదినా, చూపిద్దాం," అంది.

టేకాకుల మీద బొగ్గుతో వరసగా బొమ్మలు గీసింది. ఆ ఆకుల కట్టని గబగబా తిప్పితే బొమ్మలు కదిలాయి! చిన్న కుందేలు గెంతుతూ వస్తుంది. ఉచ్చు దగ్గరయ్యేకొద్దీ పెద్దదవుతుంది. ఆఖరి ఆకు నిండా ఉచ్చే. మాటల్లేవు, రంగుల్లేవు. తల్లి కుందేలు "అమ్మో!" అని వెనక్కి గెంతింది.

కానీ ఆ అడవిలో సభ ముద్ర లేనిదే పిల్లలకి ఏదీ చూపించకూడదు. ఖర్మ!

"బాగుందమ్మా. ఇందులో దొరవారేరీ?" అంది కార్యదర్శి నక్క.

"ఇది ఉచ్చు కథండీ."

"అయితే మాత్రం! దొరవారు లేని కథేంటి?"

సరేనని దొర సింహాన్ని దూరంగా, చిన్నగా గీసింది. సభంతా గగ్గోలెత్తింది.

"దూరంగా ఉన్నవాళ్లు చిన్నగానే కనబడతారండీ," అంది చుక్కమ్మ.

"నేను దూరంగా ఉన్నా పెద్దగానే ఉంటాను!" అని గర్జించింది సింహం.

అక్కడి పద్ధతి అది. బొమ్మలో ఎవరి సైజైనా హోదాని బట్టే. సింహం, ఏనుగు, ఎలుగుబంటి, అలా చీమ దాకా. ఉచ్చుకి ఏ హోదా లేదు గనక చీమ తర్వాత. ఆవగింజంత అయింది.

"పిల్లలు చచ్చిపోతారండీ!" అని ఏడ్చింది చుక్కమ్మ.

"ముద్ర కావాలా, వద్దా?" అంది నక్క.

పళ్లు నూరుకుంటూ అలాగే గీసింది. సినిమా చూసి సభంతా చప్పట్లు. పిల్లలేమో "ఉచ్చేదమ్మా?" అని వెతుక్కున్నారు. సింహం మాత్రం పదకొండుసార్లు చూసి, పూర్తిగా నమ్మేసింది.

మర్నాడు పొద్దున్నే షికారుకెళితే దారికడ్డంగా నిజం ఉచ్చు వేలాడుతోంది.

"ప్రభూ, ఉచ్చేమో!" అంది వెనకున్న నక్క.

"ఛీ, ఉచ్చంటే ఆవగింజంత. ముద్ర వేసింది నేనేగా! ఇదెవరో నాకు కట్టిన దండ," అని సింహం మెడ దూర్చింది.

బిగుసుకుంది. దాని కేకలకి అడవంతా పరిగెత్తుకొచ్చింది. నాలుక బయటికొచ్చి, గుడ్లు తేలేసిన దొరవారిని కుందేలు పిల్లలు ముగ్గురూ నోరు తెరుచుకుని చూశారు. తర్వాత ఇంటికెళ్లేటప్పుడు ఒక్కో అడుగూ చూసి చూసి వేశారు. ఆపైన ఒక్క పిల్లా ఉచ్చులో పడలేదు.

చుక్కమ్మ జాలిపడి తాడు కొరకబోయింది.

"ఆగమ్మా!" అంది నక్క. "ముద్ర ప్రకారం ఇది ఉచ్చు కాదు. ఉచ్చు కానిదాంట్లోంచి విడిపించాలంటే సభ తీర్మానం కావాలి."

సభ ఇంకా నడుస్తూనే ఉంది.

నీతి: బొమ్మనే నిజమని నమ్మే దొర ఒక్కడుంటే చాలు, పిల్లలకి వేరే సినిమా అక్కర్లేదు.