మక్కచేనుకు కంచె

ఆ ఆదివారం పొద్దున బాబురావు పెట్టుకున్న పని ఒక్కటే. పక్కింటి డానియేలు చర్చికి బయలుదేరేలోగా కంచె సంగతి తేల్చుకోవాలి.

కంచె కావలసింది ఫోనులో ఉన్న పొలానికి. గుండెకు ఆపరేషన్ అయ్యాక డాక్టర్లు బాబురావును ఇల్లు కదలొద్దన్నారు. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసి, బస్సుల కింద పడుకోవడమే అలవాటైన మనిషికి కుర్చీలో కూర్చోవడం చేతకాలేదు. అతను మాటిమాటికీ గేటు దాకా నడవడం చూసి, డానియేలు కూతురు సోనీ ఒక వ్యవసాయం ఆటను అతని ఫోనులోకి ఎక్కించింది. "పెద్దబాపు, గీ పొలం నీది, మా డాడీది. ఇద్దరు కలిసి చేస్కోండ్రి. కూసోనే చెయ్యాలె మల్ల," అంది. బాబురావు మక్కజొన్న వేశాడు. డానియేలు మేకలను పెట్టాడు. పట్నం నడుమ ఛత్రినాకలో పుట్టి ఛత్రినాకలోనే పెరిగిన ఆ ఇద్దరికీ అదే మొదటి భూమి.

ఆ పొద్దున ఫోను తెరిచేసరికి చేను బోడిగా ఉంది. మధ్యలో డానియేలు మేకలు నిలబడి ఉన్నాయి. సంతోషంగా ఉన్న మేకల తలల మీద ఎర్రటి గుండె బొమ్మలు కనిపిస్తాయి ఆ ఆటలో. ఇప్పుడు ప్రతి మేక మీదా ఉన్నాయి.

బాబురావుకు కోపం రావలసింది. కానీ లోపల చూసుకుంటే అక్కడ ఉన్నది కోపం కాదు, ఒక రకమైన ఊరట. గుండెలో నొప్పి వచ్చిన రోజు గల్లీలో నీళ్ళ ట్యాంకరు అడ్డంగా ఇరుక్కుపోయింది. అప్పుడు డానియేలు రెండిళ్ళ నడిమి గోడలో ఉన్న చిన్న తలుపు తీసి, అతన్ని వీపున వేసుకుని, తన వంటగదిలోంచి అవతలి రోడ్డుకు మోసుకుపోయి ఆటో ఎక్కించాడు. ఆ మాట ఎత్తుదామని బాబురావు చాలాసార్లు అనుకున్నాడు. ఎత్తబోయినప్పుడల్లా ఇంకో మాట వచ్చేది. డానియేలు ఆ తలుపులోంచి వచ్చి ఎదురుగా కూర్చుంటే, "నల్లా నీళ్ళు వచ్చినయా?" అని అడిగి ఊరుకునేవాడు. ప్రాణం నిలబెట్టిన మనిషి ముందు రోజూ కూర్చోవడం చాలా కష్టమైన పని. ఇన్నాళ్ళకు ఆ మనిషి వైపు ఒక తప్పు దొరికింది.

గోడకు ఆ పక్క డానియేలు గడ్డం గీసుకుంటున్నాడు. ఒకరికొకరు కనబడరు కాబట్టి ఇద్దరూ గట్టిగానే మాట్లాడుకున్నారు.

"డానియేలూ, నీ మేకలు నా మక్కచేను మొత్తం తిన్నయి."

"మేకలు తినయి అన్నా. పాపం, అవి ఆ దిక్కు సూడనన్న సూడవు."

"మరి నేను తిన్ననా? ఇయ్యాల్నే నడిమిట్ల కంచె ఏస్త."

"కంచె ఎందుకన్నా. ఇడిసిపెడితెనే మేకలు ఖుషీగుంటయి. కంచె గట్టినవంటే పుల్లలు మురుగుతయి, మల్ల గట్టాలె, మల్ల మురుగుతయి. దాన్ని సూస్కునుడే మన పనైతది."

"నీ మేకల ఖుషీ కోసం నా చేను ఆగం గావాల్నా? నీ దిక్కు నీది, నా దిక్కు నాది. ఎవరిదేందో తెలుస్తది."

ఆ పక్క మగ్గులో బ్లేడు కడిగిన చప్పుడైంది.

"నీ ఇష్టం అన్నా," అన్నాడు డానియేలు. "చర్చికి లేటయితుంది."

ఇదంతా ఎదురింటి డాబా మీద బట్టలు ఆరేస్తున్న సావిత్రి విన్నది. బోనాల నెల, అమ్మవారికి మేకలు కోసే రోజులు. ఆ గల్లీలోకి ఎవరి ఇంటికి మేక వచ్చినా సాయంత్రంలోగా అందరికీ తెలియాల్సిందే. డానియేలు వాళ్ళు బోనాలు చెయ్యరు. మరి మేకలెందుకు, పెళ్ళి విందుకు కాకపోతే? ఆ ఇంట్లో పెళ్ళికి ఉన్నది సోనీ ఒక్కతే. ఒక మేక కాదు, మేకలు అంటున్నారంటే పెద్ద సంబంధమే అయి ఉంటుంది. మేకలు కంటికి కనబడకపోవడం ఆమె ఆలోచనకు అడ్డం రాలేదు. దాచిన మేకలు కనబడవు కదా.

ఆమె చేతులు తుడుచుకుంటూ దిగి బాబురావు భార్య రాజమణి దగ్గరకు వచ్చింది.

"వదినా, సోనీకి ఖాయమైనట్టుంది గద. మీకన్న చెప్పిన్రా?"

"ఏం ఖాయం?"

"అయ్యో, మీకే చెప్పలేదా. మేకలు గూడ వచ్చినయి. అన్న పొద్దుగాల్నే గరమైండు, నడిమిట్ల కట్టేస్త అన్నడు. నేనైతె ఏం అననమ్మా. గట్ల దాసిపెడితె ఎవలకైనా బాధ ఉండదా."

రాజమణి భర్తను అడిగితే అక్కడితో అయిపోయేది. కానీ అతనికి టెన్షన్ పెట్టొద్దని డాక్టర్లు చెప్పినప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ అతన్ని ఏమీ అడగడం లేదు. పైగా అతను మాత్రలు వేసుకుని పడుకున్నాడు. సోనీకి మొదటిసారి జడ వేసింది రాజమణే. ఆమె లేచి వెళ్ళి నడిమి తలుపుకు ఇటువైపు గొళ్ళెం పెట్టింది.

చర్చి నుంచి వచ్చిన డానియేలు భార్య బేబీ, కూర గిన్నెతో వచ్చి ఆ తలుపు లాగింది. తలుపు రాలేదు. ఆ ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ తలుపు ఆమెకు రాకపోవడం అదే మొదలు. గిన్నె వెనక్కి తీసుకుపోయి వంటగదిలో పెట్టింది. తర్వాత తన వైపు గొళ్ళెం కూడా పెట్టింది.

గల్లీ మొదట్లో ఉండే మేస్త్రీ కొండల్‌కు సావిత్రి, బాబురావు నడిమి తలుపు దగ్గర కంచె కట్టేస్తాడట అని చెప్పినప్పుడు అతను చాలా బాధపడ్డాడు. ఆపరేషన్ అయిన మనిషి ఇటుకలు మోసుకుంటాడా? బాబురావు అంటే అతనికి ప్రాణం. ఎక్కడో మిగిలిన ఇటుకలు బండి మీద వేసుకుని, అన్న నిద్ర లేచేసరికి పని ముగించాలని వచ్చేశాడు.

"ఆయన చెప్పిండా?" అంది రాజమణి.

"గల్లీ మొత్తానికి చెప్పిండు వదినా."

ఆమె ఇంకేమీ అనకుండా చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. తలుపుకు ఆ పక్క నుంచి బేబీ గొంతు వినిపించింది. "కొండలన్నా, సిమెంటు తక్కువైతె చెప్పు, మా ఇంట్ల సగం బస్తా ఉన్నది. కట్టేదేదో గట్టిగనే కట్టు." అడ్డుగోడకు రెండు వైపుల నుంచీ సాయం రావడం కొండల్ తన పనిలో ఎన్నడూ చూడలేదు.

ఈలోగా చర్చి దగ్గర స్నేహితులతో ఆగిపోయిన సోనీ గల్లీలోకి వచ్చింది. అంజన్ కిరాణా దగ్గర ఒకరు ముబారక్ అన్నారు. పిండిగిర్ని దగ్గర ఇంకొకరు పిల్లవాడి ఫోటో చూపమన్నారు.

"ఏ పిల్లగాడు?" అంది సోనీ.

"సిగ్గువడుతుంది," అన్నారు అక్కడివాళ్ళు.

బాబురావుకు తాపీ ఇటుక మీద గీసుకుపోతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. బయటకు వచ్చి చూస్తే నడిమి తలుపు ముందు మోకాలెత్తు గోడ లేచి ఉంది.

"గిదేంది కొండల్?"

"నువ్వే అన్నవ్ గదన్నా, కంచె అని. కంచెల కుక్కలు దూరతయి. గోడ అయితె పర్మనెంటు."

బాబురావు ఆ ఇటుకల ఎత్తును చూశాడు. వీపు మీద ఒక మనిషిని వేసుకున్నవాడు దాన్ని దాటాలంటే కాలు ఎంత పైకి లేపాలో చూశాడు. ఇంకొక వరుస లేస్తే దాటలేడు. ఆ ఊహ రాగానే కొండల్ చేతిలోని ఇటుకను పట్టుకున్నాడు.

"తియ్యి," అన్నాడు. "అది ఫోన్ల కంచె. మేకలు గూడ ఫోన్లయే."

వాకిట్లోకి చేరిన గల్లీవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "గోలీల మత్తు దిగలేదు," అంది సావిత్రి మెల్లగా. రాజమణి అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. బాబురావు లోపలికి వెళ్ళి ఫోను తెచ్చాడు. రెండు వైపుల గొళ్ళేలూ తీశారు. తలుపు అటువైపుకు తెరుచుకుంది. ఇటుకలకు ఆ పక్క డానియేలు, బేబీ, సోనీ నిలబడి ఉన్నారు. ఫోను చేతులు మారింది.

"గీ మేకలేనా," అంది సావిత్రి నిరాశగా. "మరి సోనీ పెండ్లి?"

"ఎవలతోని అత్తా?" అంది సోనీ. "జర నాకు గూడ చెప్పు."

బేబీ, రాజమణి ఒకరినొకరు చూసుకుని చూపులు దించుకున్నారు. కొండల్ మాత్రం ఫోను వదల్లేదు. "ఏమన్నాగని కంచె ఉండాల్సిందే. అడ్డం లేకుంటె చేనేంది, మైదానమేంది," అన్నాడు. "ఊకోవయ్యా, అవి ఎంత కళగున్నయో సూడు, వాటిని కట్టేస్తరా ఎవరన్న?" అని సావిత్రి మేకల వైపు చేరింది. గల్లీ రెండుగా చీలింది. ఆ లొల్లి నడుమ బాబురావు గొంతు లేచింది.

"అది సరే. నా మక్కలు ఎటువోయినయి మరి?"

డానియేలు ఇటుకల మీదుగా చెయ్యి చాచి, ఫోనులో ఒక మూలన ఉన్న గుడిసె మీద వేలు పెట్టాడు. గుడిసె తెరుచుకుంది. నిండా కంకులు. మీద బాబురావు పేరు.

"నేనే కోసిన అన్నా. పండినంక ఇడిసిపెడితె ఎండిపోతయి. నువ్వు వాటి కోసం నిద్రల లేస్తున్నవని వదిన చెప్పింది. నీకు నిద్ర ముఖ్యం గద. పొద్దుగాల చెప్దమనుకుంటె నువ్వు కంచె మాట ఎత్తినవు."

"చెప్పకపోయినవ్?"

"నీ దిక్కు నీది అన్నవు."

బాబురావు తన ఊరట కోసం లోపల వెతుక్కున్నాడు. లేదు. దొరికిందనుకున్న ఆ ఒక్క తప్పు కూడా ఇంకొక మేలుగా తేలింది. ఎప్పటిలాగే నల్లా మాట నోటి దాకా వచ్చింది. కానీ ఈసారి ముందు ఇటుకలున్నాయి, వెనక గల్లీ ఉంది. తప్పించుకోవడానికి దారి లేదు.

"ఆ దినం..." అన్నాడు. "నువ్వు మోసుకపోకుంటే నేను లేను తమ్మీ. ఎన్నిసార్లు చెప్దమనుకున్నా నోరు వస్తలేదు."

డానియేలు తడిగా ఉన్న సిమెంటు వైపు చూశాడు. అతను సర్కారు దవాఖానాలో వార్డుబాయ్. మనుషులను మోయడం అతని ఉద్యోగం. ఏదో చెప్పి కొట్టిపారేద్దామని నోరు తెరిచి, మనసు మార్చుకున్నాడు.

"మస్తు బరువుంటవ్ అన్నా," అన్నాడు.

బేబీకి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. రాజమణి కొంగుతో ముక్కు తుడుచుకుని, "కూర ఉన్నదా, అయిపోయిందా?" అంది. గిన్నె ఇటుకల మీదుగా ఇటు వచ్చింది. బాబురావు ఛాతీలో ఏదో తేలికైంది. ఇన్నాళ్ళూ అక్కడ పట్టేసి ఉన్నది కుట్లే అనుకుంటూ వచ్చాడు.

కొండల్ గోడ విప్పాడు. తడి సిమెంటు తగిలి తలుపు అడుగుభాగం ఉబ్బిందని, చిత్రిక పట్టించి తెస్తానని తలుపు ఊడదీసి బండి మీద వేసుకుని పోయాడు. ఎప్పుడు తెస్తావని రెండిళ్ళలో ఎవరూ ఇంతవరకు అడగలేదు.