హెడ్మాస్టారి ఎడమ చెయ్యి

భార్య కళ్ల పరీక్షకి బయలుదేరగానే తలుపు గడియ వేసుకోవాలి, ఆవిడ తిరిగొచ్చేలోపు ఇరవై రెండో భాగం చూసెయ్యాలి, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చోవాలి. ఆ ఉదయం హెడ్మాస్టారి పథకం ఇది. ఆయన రిటైరై మూడేళ్లయింది. అయినా పిల్లల పుస్తకాల్లోంచి మరమనుషుల బొమ్మలు పరపరా చింపేసిన మనిషిగా పేరు నిలిచిపోయింది. ఇప్పటికీ ఆయన వీధిలో కనబడితే మీసాలొచ్చిన వాళ్లు కూడా చొక్కా గుండీ పెట్టుకుంటారు.

అలాంటి మనిషి జపాన్ అనిమే బొమ్మల సీరియల్‌కి చిక్కడం విచిత్రమే. ఒకనాడు రిమోట్‌లో మీట తప్పు నొక్కితే అది వచ్చింది. పిల్లల్ని పాడుచేసే ఈ చెత్త మీద ఘాటుగా ఉత్తరం రాద్దామని కాగితం తీశారు. ఆధారాలు లేనిదే ఎలా రాస్తామని రెండో భాగం చూశారు. ఆధారాల కోసమే ఇరవై ఒక్క భాగాలు గడిచాయి. కాగితం మీద మాత్రం తేదీ ఒక్కటే పడింది.

అందులో ఏడంతస్తుల ఇనప మనిషి ఉంటుంది. దాని ఛాతీలో కూర్చుని పదహారేళ్ల పిల్ల నడుపుతుంది. దానికి దెబ్బ తగిలితే నొప్పి ఈ పిల్లకి. పైకి అంత భీకరం, లోపల గజగజ వణుకు. ముప్ఫై ఏళ్లు బెత్తం పట్టుకుని తిరిగినా, రోజూ ప్రార్థన గంటకి ముందు చెమటలు కక్కిన హెడ్మాస్టారికి ఆ సంగతి ఎక్కడో లోపల తగిలింది.

ఈ రహస్యం తెలిసిన మనిషి ఒక్కరే, పక్కవీధి డ్రిల్లు మాస్టారు. ఆయనదీ అదే జబ్బు, ఇంట్లో వాళ్లకి తెలియదు.

ఇరవై రెండో భాగం సగానికి వచ్చేసరికి శత్రువు కత్తి దూశాడు. ఇనప మనిషి చెయ్యి తెగిపడింది. హెడ్మాస్టారు బొమ్మ ఆపి ఫోను అందుకున్నారు. అవతల ఎత్తిందెవరో కూడా కనుక్కోలేదు.

"పోయింది మాస్టారూ! ఎడమ చెయ్యి భుజం దాకా పోయింది! నా వల్ల కావట్లేదు, ఇక చూడలేను!" అని పెట్టేశారు.

ఫోను ఎత్తింది డ్రిల్లు మాస్టారి భార్య.

కాస్త కుదుటపడ్డాక మిగతాది చూద్దామని హెడ్మాస్టారు స్నానం చేసొచ్చి చొక్కా తొడుక్కుంటున్నారు. కుడి చెయ్యి దూరింది, ఎడమది దూరకముందే తలుపు దబదబా మోగింది. గబుక్కున టీవీ ఆపి, రిమోట్ ఉన్న ఎడమ చేతిని చొక్కాలో దాచుకునే వెళ్లి గడియ తీశారు.

వేలాడుతున్న ఖాళీ చొక్కా చేతిని చూసి డ్రిల్లు మాస్టారి భార్య గుమ్మంలోనే కూలబడింది. "అన్నయ్యగారూ! ఎంత పని జరిగిందండీ!"

ఆవిడ వెనకాల డ్రిల్లు మాస్టారు తల వంచుకుని నిలబడ్డారు. చెబితే ఇద్దరి గుట్టూ రట్టవుతుంది. హెడ్మాస్టారు ఒక్క క్షణంలో బేరీజు వేసుకున్నారు. చెయ్యి పోతే జాలిపడతారు, పరువు పోతే నవ్వుతారు.

"ఏం చేస్తాం అమ్మా, రాసిపెట్టి ఉంది," అన్నారు.

పావుగంటలో మేడమీద వాళ్లు, ఎదురింటి వాళ్లు, పాలవాడు, అందరూ హాల్లో చేరారు. అప్పుడు డ్రిల్లు మాస్టారి భార్య కళ్లు తుడుచుకుంటూ, "భయపడకండి, మీ వియ్యంకుడు గారికి కబురు పెట్టాను," అంది.

హెడ్మాస్టారు చొక్కా ఇంకాస్త దగ్గరకి లాక్కున్నారు. వియ్యంకుడు ఎముకల డాక్టరు.

ఆయన పెట్టెతో సహా వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కున్నారు. "ఎలా తెగింది బావగారూ?"

"కత్తి."

"ఎంత ఉంటుంది?"

"నలభై అడుగులు," అన్నారు హెడ్మాస్టారు అలవాటు కొద్దీ.

డ్రిల్లు మాస్టారికి పొలమారింది. డాక్టరు నొసలు ముడిచి, "రక్తం?" అన్నారు.

"రక్తం కాదు, నూనె కారింది."

డాక్టరు పక్కకి తిరిగి, "తలకి కూడా తగిలినట్టుంది. ఎవరైనా అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి," అని గొణిగారు. మళ్లీ ఇటు తిరిగి, "చొక్కా తియ్యండి," అన్నారు.

"వద్దు బావగారూ!"

"సిగ్గుపడతారేమిటండీ, నేను పరాయివాణ్ణా?" అంటూ డాక్టరు చొక్కా పట్టుకు లాగారు. లోపల హెడ్మాస్టారి పిడికిలి బిగుసుకుంది. పిడికిట్లో రిమోట్ కూడా బిగుసుకుంది.

ఇల్లంతా దద్దరిల్లేలా టీవీ మోగింది. ఒంటిచేతి ఇనప మనిషి మోకాళ్ల మీద కూలి ఉంది. లోపల ఆ పిల్ల భుజం పట్టుకుని ఏడుస్తూనే మీట ముందుకు తోసింది. ఇనుము కిర్రుమంటూ పైకి లేచింది.

"ఎవరా పిల్ల?" అంది డ్రిల్లు మాస్టారి భార్య.

"పైలట్," అన్నారు ఆవిడ భర్త, నోరు జారి.

"ఒక్కతేనా? పెద్దవాళ్లెవరూ లేరూ?" ఆవిడ కింద చతికిలబడింది. ఆవిడ పక్కన పాలవాడు కూర్చున్నాడు. అంబులెన్సు వాళ్లొచ్చి, స్ట్రెచరు వాల్చి, దాని మీదే సర్దుకున్నారు. చొక్కా పట్టుకున్న డాక్టరు చెయ్యి మెల్లగా జారిపోయింది.

శత్రువు మళ్లీ కత్తి ఎత్తాడు. ఆ పిల్ల కళ్లు మూసుకోలేదు. ఉన్న ఒక్క పిడికిలితో గుద్దింది.

"కొట్టు తల్లీ!" అంటూ హెడ్మాస్టారు రెండు చేతులూ గాల్లోకెత్తి లేచి నిలబడ్డారు.

అప్పుడు తెలిసింది ఆయనకి తను చేసిన పని. అలాగే కొయ్యబారిపోయారు. పరువు పోయింది. నవ్వు ఎటునుంచి వస్తుందోనని చెవులు రిక్కించారు.

"కూర్చోండి బావగారూ," అని కసిరారు డాక్టరు, "చేతులు అడ్డమొస్తున్నాయి!"

తెర మీద యుద్ధం ముగిసి, ఇనప మనిషిని మరమ్మతు షెడ్డుకి చేర్చేసరికి భార్య వచ్చింది. వీధి మలుపులోనే ఎవరో చెప్పారట, దారంతా ఏడ్చుకుంటూనే వచ్చింది. కంట్లో వేసిన మందుకి ఏదీ సరిగ్గా కనబడక, తడుముకుంటూ వెళ్లి మొగుడి భుజాలు పట్టుకుంది. "ఏమండీ! మీ చెయ్యో!"

ఆయన తెర మీంచి చూపు తిప్పకుండా, ఎడమచేతి వేలు పెదవుల మీద పెట్టుకున్నారు.

"ష్! ఇప్పుడే బిగిస్తున్నారు."