గొణిగే గిటార్

ఆ ఉదయం ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. కోడలు పళ్ళ డాక్టరు దగ్గర తన సహాయకురాలి పని ముగించుకుని మధ్యాహ్నానికల్లా ఇంటికి రావాలి. తన బేస్ గిటార్ తీసుకుని బజారు చివర మరమ్మతు కొట్టుకు వెళ్ళి, కొత్త పికప్‌లు ఎంచుకుని బిగించుకోవాలి. సాయంత్రం నాటకశాలలో వాద్యబృందం పెద్ద ముందు వాయించాలి. అంతే. ఇందులో పెద్దావిడ చేయవలసిన పని ఏమీ లేదు. ఆవిడను కంగారుపెట్టింది కూడా అదే.

నాటకశాలవాళ్ళు తీసుకుంటే కోడలికి ఉద్యోగం ఈ ఊళ్ళోనే. తీసుకోకపోతే, ఊరూరా తిరిగే ఒక బృందం ఆమె కోసం కాచుకుని కూర్చుంది. వాళ్ళకు లైట్లు, మైకులు చూసే మనిషి కూడా కావాలట. లిఫ్టులు బాగుచేసే కొడుకు, "ఆ మాత్రం నేను చెయ్యలేనా?" అని అప్పుడే సంబరపడుతున్నాడు. కదిలే రైలు కిటికీలోంచి ఊగే చేతులను పెద్దావిడ జీవితంలో చాలానే చూసింది. ఇక చూసే ఓపిక లేదు.

"విన్నారా అత్తయ్యా, ఎలా గొణుగుతోందో!" అంది కోడలు, గిటార్ వైరు స్పీకరు పెట్టెకు తగిలించి.

గుయ్‌మనే రొద గదంతా నిండింది. పెట్టె పక్కనే తన కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చున్న పెద్దావిడ గుండె కూడా అలాగే అంది. శాలువా కింద, మోకాళ్ళ మీద, ఈమధ్యే కొడుకు కొనిచ్చిన కరెంటు కాపడం దిండు ఉంది. దిగులు పుడితే ఆవిడకు మోకాళ్ళు లాగుతాయి. ఈమధ్య దిగులు లేని రోజు లేదు.

"నిన్నటికన్నా ఎక్కువైందేమో అమ్మాయ్?"

"పికప్‌లు ముసలివైపోయాయి అత్తయ్యా. ఇవిగో, తీగల కింద ఈ రెండు నల్ల పట్టీలు. లోపల అయస్కాంతాలు, చుట్టూ సన్నటి రాగి తీగ. మీటగానే ఆ కదలికను పట్టుకుని స్పీకరుకి పంపేది ఇవే. ఇప్పుడేమో దారిన పోయే రొదనంతా పట్టుకొస్తున్నాయి. తీసి పారెయ్యాలి."

ముసలివి, తీసి పారెయ్యాలి అన్న మాటలు అలా పక్కపక్కన వినబడేసరికి పెద్దావిడ శాలువా సర్దుకుంది.

మధ్యాహ్నం ఫోను మోగింది. "ఇక్కడ జనం ఎక్కువగా ఉన్నారు అత్తయ్యా. ఆలస్యమవుతుంది. కుదిరితే నాటకశాలకి వెళ్ళే దారిలో మార్పించుకుంటాను, లేకపోతే లేదు."

లేకపోతే లేదు! పెద్దావిడ కొడుక్కి ఫోను చేసింది.

"నువ్వు కంగారుపడకమ్మా, నేను చూసుకుంటాగా," అన్నాడు వాడు. చూసుకుంటానన్న ఏ పనినీ వాడు మళ్ళీ తిరిగి చూసిన పాపాన పోలేదు. ఆవిడ కాపడం దిండు మీట కట్టేసి లేచింది. తనకన్నా పొడవున్న గిటార్ సంచీని టాక్సీలో పడుకోబెట్టి, తాను ముడుచుకుని పక్కన కూర్చుని బయలుదేరింది. ఆ హడావిడిలో ఫోను కుర్చీలోనే ఉండిపోయింది.

మరమ్మతు కొట్టువాణ్ణి అందరూ గిటార్ల డాక్టరు అంటారు. ఆయన గిటార్‌ను తన స్పీకరుకు తగిలించి, మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. కొట్టంతా నిశ్శబ్దం.

"దీనికి రోగమేమీ లేదమ్మగారూ."

"ఇంట్లో గొణుగుతుంది బాబూ."

"ఇంట్లో అందరూ గొణుగుతారమ్మా."

"నవ్వులాట కాదు. డాక్టరు ముందు కూర్చోగానే నొప్పి మాయమవుతుంది చూశావూ, అలాంటిదే ఇదీ. మార్చెయ్యి."

ఆయన నిట్టూర్చి అద్దాల బీరువాలోంచి నాలుగైదు రకాలు తీసి బల్ల మీద పరిచాడు. "ఇవి రొదను అసలు దగ్గరికి రానివ్వవు. కాకపోతే గిటార్ గొంతు కొంచెం మారుతుంది."

"గొంతు మారితే వద్దు. మా అమ్మాయి గొంతు అది."

"అయితే పాతవాటి లాంటివే, కొత్తవి. ముందు కింది దాన్నొక్కదాన్నీ మార్చి చూద్దామా?"

"ఇన్నేళ్ళు పక్కపక్కన ఉన్నవాటిని విడదీస్తావా?" అంది పెద్దావిడ. కళ్ళు చెమ్మగిల్లాయి. డాక్టరు రెండూ మార్చాడు. పాతవి కొట్లో వదిలేస్తే విడిభాగాలకు పనికొస్తాయన్నాడు. ఆవిడకు చేతులు రాలేదు. చేతిరుమాల్లో చుట్టి సంచిలో వేసుకుంది.

ఆవిడ ఇంటి మెట్లెక్కుతుంటే లోపలి కేకలు బయటికి వినబడుతున్నాయి. జరిగింది ఇది. కొడుకు నిజంగానే చూసుకున్నాడు. ఎవరినో అడిగి, అసలు రొదే రాని లావుపాటి పికప్ ఒకటి కొనుక్కుని ఇంటికొచ్చాడు. చూస్తే గిటార్ లేదు. అమ్మ పక్కింటికి వెళ్ళిందనుకుని భార్యకు ఫోను చేశాడు. ఆమె పళ్ళ డాక్టరును రోగి నోటి దగ్గరే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"నువ్వే దాచావు! నేను ఇవాళ వాయించకపోతే నువ్వు ఊళ్ళు తిరగొచ్చుగా!"

"నేనెందుకు దాస్తానే? నీకోసం పికప్ కొనుక్కొచ్చాను, ఇదిగో!"

"గిటార్ లేకుండా పికప్ ఏం చేసుకోను, మెళ్ళో వేసుకోనా? నువ్వే పో ఆ బృందంతో. నేను మా అమ్మ దగ్గరికి పోతాను."

పెద్దావిడ గుమ్మంలోనే ఆగిపోయింది. పొద్దున ఒక్క ప్రయాణానికే భయపడింది. ఇప్పుడు రెండయ్యాయి, అదీ చెరో దిక్కుకు.

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు," అంది సంచీ ముందుకు తోస్తూ. "నేనే తీసుకెళ్ళి మార్పించుకొచ్చాను. కొత్తవి. గొంతు మారదట."

కోడలు ఆవిడను గట్టిగా వాటేసుకుని, గిటార్ స్పీకరుకు తగిలించింది. పెద్దావిడ బతుకు జీవుడా అని కుర్చీలో కూలబడి, లాగుతున్న మోకాళ్ళ మీదికి దిండు లాక్కుని, మీట నొక్కి, శాలువా కప్పుకుంది.

గుయ్‌మంది గిటార్.

"నిన్ను నిలువునా ముంచాడమ్మా ఆ డాక్టరు!" కొడుకు అప్పటికే స్క్రూడ్రైవరు తీసి, కొత్త జోడీని ఊడదీసి బల్ల మీద పెడుతున్నాడు. "నేను తెచ్చింది పెడితే రొద అన్న మాటే ఉండదు."

"పట్టదది, నా మాట విను!" అంది కోడలు. నిజంగానే పట్టలేదు. గుంత సన్నం, పికప్ లావు. కొడుకు ఆకురాయి తెచ్చి గుంత అంచు మీద పెట్టాడు. కోడలు కెవ్వుమంది. ఆ కేకకు వాడి రెండో చేతిలోని స్క్రూడ్రైవరు జారి, బల్ల మీదున్న కొత్త పికప్‌ల జోడీలో ఒకదాని రాగి తీగలోకి దిగబడింది.

కిటికీలో ఎండ పచ్చబడుతోంది.

"పాతవి?" అంది కోడలు, ఏడుపు ఆపుకుంటూ. "డాక్టరు దగ్గరే వదిలేశారా అత్తయ్యా?"

పెద్దావిడ సంచిలో చెయ్యి పెట్టింది. చేతిరుమాలుతోపాటు పిన్నీసులు, తాళంచెవులు, సూదుల డబ్బా మూత, ఎప్పుడో పోయిందనుకున్న గోళ్ళ కత్తిరి ఒకే ముద్దగా ముళ్ళపందిలా పైకొచ్చాయి. అయస్కాంతాలు తమకు దొరికినవన్నీ కూడగట్టుకున్నాయి. ఆవిడ ఒక్కొక్క పిన్నీసూ పీకుతుంటే, కొడుకు చెమటలు కక్కుతూ పాతవాటికి సోల్డరింగు పెట్టాడు. కోడలు వైరు తగిలించింది.

గుయ్‌మంది.

కోడలు నేల మీద కూర్చుండిపోయింది. "అయిపోయింది. ఇక ఆ ఊళ్ళు తిరిగే బృందమే," అంది. కొడుకు కూడా ఈసారి సంబరపడలేదు. భార్య పక్కన కూర్చుని నేల చూస్తున్నాడు.

పిల్లకు కాసిని మంచినీళ్ళైనా ఇద్దామని పెద్దావిడ దిండు మీట కట్టేసి లేవబోయింది. రొద ఆగిపోయింది.

ఆవిడ లేవకుండా మళ్ళీ కూర్చుంది. శాలువా కింద వేలితో మీట నొక్కింది. గుయ్. కట్టేసింది. నిశ్శబ్దం. మళ్ళీ నొక్కింది. గుయ్. ఒళ్ళంతా చల్లబడింది, మోకాళ్ళు తప్ప. వేలు గబుక్కున మీట కట్టేసింది.

"ఆగింది!" కోడలు ఎగిరి లేచి నాలుగు తీగలూ మీటింది. లోతైన గొంతు, శుభ్రంగా, ఇల్లు అదిరేలా పలికింది. "ఆగిపోయింది! నీ సోల్డరింగు సర్దుకోవడానికి టైము పట్టిందంతే. నిన్ను అనవసరంగా నానా మాటలన్నాను!"

"నేను చెప్పానుగా, చూసుకుంటానని," అన్నాడు కొడుకు. పొద్దుట్నుంచీ మొదటిసారి ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వారు.

చెబుదామని పెద్దావిడ నోరు తెరిచింది. ఆ నవ్వులు చూసి, నోట్లో మాట నోట్లోనే మింగేసింది. శాలువా కిందినుంచి ప్లగ్గు కూడా పీకేసి, దాని మీద కాలు పెట్టుకుని కూర్చుంది.

చీకటి పడ్డాక ఇద్దరూ తలుపు తోసుకుని వచ్చారు. కోడల్ని తీసుకున్నారు. ఇలాంటి గొంతు ఈమధ్య కొత్త పికప్‌లలో దొరకడం లేదని వాద్యబృందం పెద్ద రెండుసార్లు వాయింపించుకుని విన్నాడట. పెద్దావిడ ఇద్దరి తలలూ నిమిరింది. ఇక ఈ ఇంట్లోంచి ఎవరూ రైలెక్కరు.

"ఇదంతా నీ చలవేనమ్మా," అన్నాడు కొడుకు, వీపు వెనకనుంచి పెద్ద పెట్టె ఒకటి తీస్తూ. "గిటార్ మోసుకుని ఎంత తిరిగావో! ఆ చిన్న దిండు నీకేం సరిపోతుంది? నడుం నుంచి పాదాల దాకా పట్టే కాపడం పరుపు తెచ్చాను. కరెంటు కూడా దానికి మూడింతలు లాగుతుందట!"

తన మోకాళ్ళ నొప్పులు పూర్తిగా నయమైపోయాయని పెద్దావిడ అక్కడికక్కడే ప్రకటించింది.