మావాడి గ్రైండింగ్

మిరప రైతుకు జపాన్ వాడు చేసినంత మేలు ఈ లోకంలో ఇంకెవడూ చేయలేదు. నవ్వేవాళ్ళు నవ్వండి. నవ్వడం అయ్యాక మిగతాది చదవండి.

మేలంటే ట్రాక్టరు కాదు, స్ప్రేయరూ కాదు. వీడియో గేము. మా అబ్బాయి లక్ష్మీకాంత్ టీవీకి ఒక నల్లపెట్టె తగిలించి ఆడుతుంటాడు. పొద్దున నాతోపాటు మిరపచేలో మందు కొట్టి, ఎండెక్కాక ఇంటికొచ్చి దాని ముందు కూర్చుంటాడు. అందులో ముళ్ళపంది జుట్టు కుర్రాడొకడు తనకన్నా పొడుగు కత్తి పట్టుకుని ఊళ్ళు తిరుగుతుంటాడు. దారిలో రాక్షసులు తగులుతారు. కొట్లాట. మళ్ళీ నడక. మళ్ళీ కొట్లాట. దీన్ని అందరూ జబ్బంటున్నారు. నేను మందంటాను.

ముందు ఆ కొట్లాట పద్ధతి చూడండి. వీడొక దెబ్బ కొట్టి నిలబడతాడు. తర్వాత రాక్షసుడు ఒక దెబ్బ కొట్టి నిలబడతాడు. మధ్యలో మావాడు లేచి వెళ్ళి మజ్జిగ తాగొచ్చినా, ఆ రాక్షసుడు అక్కడే కాళ్ళు మార్చుకుంటూ ఉంటాడు.

"వాడెందుకు కొట్టట్లేదురా?" అనడిగాను.

"ఇప్పుడు నా వంతు నాన్నా. నేను కొట్టిందాకా వాడు కొట్టకూడదు."

ఎంత మర్యాద! మా పొలాలు కాలవకు చిట్టచివర. వంతు అనే మాట పుట్టినప్పటినుంచీ వింటున్నాను. వంతు నీళ్ళు మాత్రం పైవాళ్ళ చేలల్లోనే చూశాను. పోనీ నల్లతామర పురుగు వంతు చూస్తుందా? నేను పంపు భుజాన వేసుకునేలోపే పువ్వులో దూరుతుంది. దాని వెనక ఆకు ముడిచే బొబ్బర తెగులు. దాని వెనక అడగని వాన. వాళ్ళందరిదీ ఒకటే వంతు. నాది ఎప్పుడని ఎవర్నడగాలి?

ఇక మందు. ఆటలో సీసా తాగితే ఒంట్లో బలం కళ్ళముందే పెరుగుతుంది. సీసా మీద ఏం రాసి ఉందో అదే జరుగుతుంది. నమ్మలేక ఇంకోటి తాగించమన్నాను. మళ్ళీ పెరిగింది. మా మందుల కొట్టు కలీం కూడా మంచివాడే. సీసా చేతికిచ్చి, "ఇది పనిచెయ్యకపోతే ఇంకోటి కలుపుదాంలే పెద్దాయనా" అంటాడు. పురుగు ఆ రెండూ తాగి, పిల్లల్ని కూడా పిలుచుకొస్తుంది.

ఆ ఊళ్ళలో సత్రాలుంటాయి. ఒక్క రాత్రి పడుకుంటే విరిగిన ఎముకలు కూడా అతుక్కుంటాయి. నా మోకాళ్ళ సంగతి ఇక్కడ రాయను.

ఆట మొదట్లోనే అడుగుతారట, తేలికగా కావాలా, మామూలుగానా, కష్టంగానా అని. తట్టుకోలేకపోతే మధ్యలో మార్చుకోవచ్చట కూడా. నా విషయంలో ఎవరో కష్టం నొక్కేసి, రిమోటు జేబులో వేసుకుని పోయారు.

పెద్ద రాక్షసుడి గది బయట ఒక దీపం వెలుగుతుంటుంది. దాన్ని ముట్టుకుంటే అంతవరకూ చేసిందంతా భద్రం. ఓడినా అక్కణ్ణుంచే మొదలు. కల్లంలో కాయ ఆరబోసి, పట్టాలు కప్పేలోపు వానకు తడిపేసుకున్నవాణ్ణి అడగండి, ఆ దీపం విలువేమిటో.

అన్నిటికన్నా గొప్పది గ్రైండింగ్. పెద్దవాణ్ణి కొట్టే బలం లేనప్పుడు, ఊరి బయట జున్నుముక్కలా కదిలే చిన్న పురుగుల్ని కొట్టాలి. ఆ జాతినే మళ్ళీ కొట్టాలి. పొద్దుగూకిందాకా కొట్టాలి. దీన్నే ఫార్మింగ్ అని కూడా అంటారట. ఆ పేరు పెట్టినవాడు తప్పకుండా మా అద్దంకి వైపు వాడే. కొట్టిన ప్రతిసారీ కొంచెం అనుభవం జమవుతుంది. అది నిండితే లెవెలు పెరుగుతుంది. పెరిగిన లెవెలు తగ్గదు. ఆ చివరి మాట ఇంకోసారి చదవండి. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పురుగుని కొడుతూనే ఉన్నాను. ఏటా నారు పోసేనాటికి మళ్ళీ ఒకటో లెవెలే.

ఇన్ని చెప్పినా మీకు నమ్మకం కుదరదని తెలుసు. అందుకే అసలు సంగతి చెబుతాను. ఈ గ్రైండింగ్ పుణ్యాన మావాడికి పెళ్ళి కుదిరినంత పనైంది.

సేద్యం చేసే అబ్బాయికి మా వైపు పిల్లనివ్వరు. మా ఆవిడ వెంకటరావమ్మ మొక్కని దేవుడు లేడు. చివరికి ఒంగోలు నుంచి ఒక సంబంధం కదిలింది. పిల్ల మేనమామ బుల్లయ్య గారు, ఆఫీసు మనిషి, ముందుగా ఇల్లు చూసిపోదామని వచ్చారు. కాఫీ అందుకుని, "అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?" అన్నారు.

మేము నోరు తెరిచేలోపు లోపలి గదిలోంచి మావాడి గొంతు వినిపించింది. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, ఆటలో తోడుండే స్నేహితుడు సుభానీతో మాట్లాడుతున్నాడు. మనుషులొచ్చిన సంగతి వాడికి తెలీదు.

"ఇందాకట్నుంచీ గ్రైండింగే రా బాబూ. చేతులు పడిపోతన్నాయి. అయినా ఇయ్యాళ ఆపేది లేదు."

బుల్లయ్య గారి మొహం వెలిగింది. "కారం మిల్లా?"

కాయంతా గుంటూరు మిర్చి యార్డుకు పోయే ఊళ్ళో, గ్రైండింగ్ అంటే ఇంకే అర్థం వస్తుంది? నేను మాటలు తక్కువ మనిషిని. ఊరుకున్నాను. మా ఆవిడ తల ఊపింది. ఎటు ఊపిందో ఈనాటికీ నాకు తెలీదు.

"మంచి పని చేశారండీ. కాయ పండించేవాడికన్నా పొడి కొట్టేవాడే సుఖపడతాడు."

"మొన్నటికీ ఇప్పటికీ చూడరా, ఎంత లెవెలు పెరిగానో!" అంది లోపలి గొంతు.

"ఎదిగే కుర్రాడు" అన్నారు బుల్లయ్య గారు. మా ఆవిడ సంతోషం పట్టలేక జంతికలు తేవడానికి లేచింది. ముహూర్తాలు మాఘంలోనా, ఫాల్గుణంలోనా అనేదాకా వచ్చాం.

అంతలో మావాడు మంచినీళ్ళకని బయటికొచ్చాడు.

"మిల్లెక్కడ బాబూ? ఒకసారి చూసిపోతాను."

వాడికి అబద్ధం చేతకాదు. మట్టిలో పెరిగాడు. "మిల్లేందండీ? అది ఆట."

మా ఆవిడ జంతికల పళ్ళెంతో అక్కడే ఆగిపోయింది. బుల్లయ్య గారు మాత్రం నొచ్చుకోలేదు.

"ఆటా? పర్లేదులే, మా ఆఫీసులో కుర్రాళ్ళూ ఆడతారు. మరి ఉద్యోగం?"

"ఉద్యోగం లేదండీ. నాన్నతో కలిసి మిరప వేస్తాను."

"పోనీ, ముందు ముందు మానేసే ఆలోచన..."

"లేదండీ. నాకిష్టమే."

బుల్లయ్య గారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. సగం అలాగే ఉంది. పిల్లనడిగి కబురు చేస్తానన్నారు. ఆ కబురు రాదని మా గేదెకు కూడా తెలుసు.

వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ ఆయన వెనక్కి తిరిగారు. "అన్నట్టు, మందు కొట్టని కాయ ఒక బస్తా ఉంటే తీసి ఉంచండి. ఇంటి వాడకానికి."

మందు కొట్టకపోతే కాయే ఉండదని చెప్పొచ్చు. నా వంతు కాదని ఊరుకున్నాను.

కాబట్టి అయ్యలారా, ఆటను తిట్టకండి. టీవీలో ఫార్మింగ్ చేసేవాణ్ణి ఎవరూ కాదనలేదు. చేలో చేస్తాననేసరికి కాఫీ చేదైంది.

ఆయన వెళ్ళాక మావాడు వెళ్ళి పెట్టె ముందు కూర్చున్నాడు. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆ మీటల పిడి నా చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు నీ వంతు నాన్నా."

ఏ మీట నొక్కాలో నాకేం తెలుసు? ఎదురుగా కొండంత రాక్షసుడు. మీద పడతాడేమోనని కాళ్ళు పైకి తీసుకున్నాను. పడలేదు. వెంకటరావమ్మ గ్లాసులు కడగడం అయింది. జంతికలు డబ్బాలోకి తిరిగి వెళ్ళాయి. గేదె అరుస్తోంది. రాక్షసుడు ఇంకా అక్కడే, కాళ్ళు మార్చుకుంటూ, నా వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు.

ఇన్నేళ్ళ సేద్యంలో నా వంతు అయ్యేదాకా ఆగినవాడు వాడొక్కడే. వాణ్ణి కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు.