తెర మీద పడిపోయినవాళ్ళు

ఆ రోజు పొద్దున కాఫీ పొంగుతుండగానే మిలుంక గట్టి నిర్ణయానికి వచ్చేసింది. ఏమైనా సరే, రాస్త్కోను తియానాకు వదిలిపెట్టేది లేదు.

నోవీసాద్‌లోని పిల్లల చికిత్సాలయంలో మిలుంక చాలా ఏళ్ళుగా పిల్లలకు నిలబడటం నేర్పుతోంది. వెన్ను వంకర తిరిగినవాళ్ళు, కాళ్ళు మాట విననివాళ్ళు ఎంతమందో ఆమె చేతుల మీదుగానే గోడ వదిలి నిలబడ్డారు. ఎనిమిదేళ్ళ రాస్త్కోకు ఆ రెండు తిప్పలూ ఉన్నాయి. వాడు మొదటిసారి తనంతట తాను నిలబడ్డ రోజు వాళ్ళమ్మ కంటే ముందు ఏడ్చింది మిలుంకే. అప్పటినుంచీ వాడు తన సొత్తన్నట్టే ఉండేది ఆమెకు.

వసంతకాలంలో తియానా వచ్చి చేరింది. గ్రాజ్‌లో పెద్ద చదువు చదివిన పిల్ల. గదిలో నేల మీద ఒక ఇనుప పలక ఉంటుంది. పిల్లవాణ్ణి వట్టికాళ్ళతో దానిమీద నిలబెడితే బరువు ఏ పాదం మీదికి, ఎటువైపుకి జరుగుతోందో గీతగా చూపిస్తుంది. తియానా ఆ లెక్కను కంప్యూటర్‌కు నేర్పి, తెర మీద పుల్లల బొమ్మ లాంటి పిల్లవాణ్ణి నిలబెట్టింది. పలక మీద పిల్లవాడు ఊగితే తెర మీద బొమ్మా ఊగుతుంది. ఆ ఊపు అలాగే సాగితే ముందే పడిపోయి చూపిస్తుంది.

వచ్చిన చిక్కల్లా రాస్త్కో గీతతోనే. మిలుంక కొలిస్తే అది పిల్లి ఆడుకున్న ఉన్ని ఉండలా ఉండేది. తియానా కొలిస్తే బుద్ధిగా ఒక చుక్కలో ఇమిడిపోయేది. అది చూసి వాడి తల్లి, పిల్లవాణ్ణి తియానాకే అప్పగించమని అడిగింది. డాక్టర్ వుకొసావ ఎటూ తేల్చలేక, ఇద్దరూ ఒకే రోజు కొలవండి, ఎవరి దగ్గర బాగా నిలబడితే వాళ్ళ దగ్గరే ఉంటాడు అని చెప్పింది. ఆ రోజు ఇదే.

తియానా ఏం మందు పెట్టిందోనని మిలుంక రాత్రులు పొర్లి పొర్లి ఆలోచించింది. చివరికి తట్టింది. తియానా కొలిచినవన్నీ ఎండాకాలపు కొలతలు, తనవి చలి మొదలయ్యాకవి. ఇప్పుడు అక్టోబరు, గదుల్ని వెచ్చబెట్టే వేడినీళ్ళ గొట్టాలు ఇంకా తెరవలేదు, పలక మంచుగడ్డలా ఉంటుంది. చల్లటి నేల మీద వట్టికాళ్ళతో నిలబడితే మూత్రపిండాలకు చలి పడుతుందని నోవీసాద్‌లో పుట్టినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పాపం పిల్లవాడు ఊగక ఏం చేస్తాడు?

అందరికంటే ముందే వచ్చి, రబ్బరు సంచీ నిండా మరిగే నీళ్ళు పోసి పలక మీద పెట్టింది. అది ఎడమ సగానికే సరిపోయింది. వరండాలో అడుగుల చప్పుడు వినగానే సంచీని పరదా వెనక్కి తోసి, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

రాస్త్కోను నాయనమ్మ దెసాంక తీసుకొచ్చింది. వెనకే తియానాతో వచ్చిన డాక్టర్, ముందు తియానా కొలవాలంది. మిలుంక వెచ్చచేసిన పలక మీద ఇప్పుడు తియానా పేరు వెలగబోతోంది.

రాస్త్కో పలకెక్కి కదలకుండా నిలబడ్డాడు. తెర మీద బొమ్మ మాత్రం మెల్లగా ఎడమకు ఒరిగింది. ఇంకా ఒరిగింది. ఆఖరికి పడిపోయింది. మిలుంక మనసులో ఎక్కడో ఒక పండగ మొదలైంది.

ఆ పండగ ఎంతోసేపు నిలవలేదు. దెసాంక మనవణ్ణి చంకనేసుకుని, నిలబడ్డ పిల్లవాణ్ణి మీ యంత్రం పడేసిందంటూ ఒక్కసారిగా విరుచుకుపడింది. ఆమెను ఊరుకోబెట్టడానికి డాక్టర్ తనే బూట్లు విప్పి పలకెక్కింది. ఆమె బొమ్మా పడింది.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు," అంది డాక్టర్ నీరసంగా. ఆ మాట అనేవరకూ ఆమెకు నీరసం లేదు. దెసాంక గ్లాసెడు నీళ్ళలో పంచదార కలిపి ఆమె చేత బలవంతంగా తాగించింది. తియానా ఎక్కింది. ఆమె బొమ్మా పడింది. ఆమెకూ పంచదార నీళ్ళు.

"గాలి," అంది దెసాంక తీర్పు చెబుతున్నట్టు. "తలుపుకీ కిటికీకీ మధ్య గాలి ఆడుతోంది. మా ఆడపడుచు మూతి ఇలాగే వంకరపోయింది." కిటికీలు మూసేసి, కొడుకుకు ఫోన్ చేసి, కారు తీసుకు రమ్మంది. డాక్టర్ తనకు తల తిరుగుతోందని నమ్మేసి, నరాల వైద్యుడికి కబురు చేయమంది.

"మిలుంకా, ఇక మీరే ఎక్కండి. మీరైనా నిలబడతారేమో చూద్దాం," అంది డాక్టర్.

మిలుంక కదల్లేదు. మోకాలు నొప్పన్నది, నడుమన్నది. ఈలోగా నాయనమ్మ చంక దిగి పరదా దగ్గర ఆడుకుంటున్న రాస్త్కో రెండు చేతులా సంచీ ఎత్తుకొచ్చాడు.

"మిలుంకత్తా, నీ వేడినీళ్ళ సంచీ. ఇంకా వెచ్చగానే ఉంది."

తియానా వంగి పలకను తడిమింది. ఎడమ పక్క వెచ్చన, కుడి పక్క చల్లన. వేడి దిగిపోతుంటే పలక లెక్క తప్పిందనీ, ఎవరు ఎక్కినా ఎడమకే ఒరిగినట్టు చూపించిందనీ ఆమెకు అర్థమైంది. మిలుంక మొహం ఎర్రబడింది. ఇక తిట్లు పడతాయని కాచుకుంది.

"మీ దగ్గర వాడు ఊగేది చలికి కాదు," అంది తియానా మెల్లగా. "మీకు కబుర్లు చెబుతాడు, నవ్వుతాడు. నా దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడతాడు. నేనంటే భయం వాడికి. ఆ చుక్క నిలకడ కాదండీ, బిగుసుకుపోవడం. వేసవంతా మిమ్మల్ని చూసి ఎంత కుళ్ళుకున్నానో."

మిలుంకకు ఇన్నాళ్ళూ తను కుళ్ళుకోవడమే తప్ప, తనను చూసి ఒకరు కుళ్ళుకున్నారంటే కొత్త శాలువా కప్పినట్టుంది. కాసేపు దాన్ని అలాగే కప్పుకుని, తియానా వంక మొదటిసారి సరిగ్గా చూసింది.

డాక్టర్ పంచదార నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, ఇక వాణ్ణే అడుగుదామంది.

"ఎవరి దగ్గర ఉంటావు, నాన్నా?"

రాస్త్కో ఇద్దరి మొహాలూ చూసి, బాగా ఆలోచించాడు.

"ఎవరైనా సరే. నన్ను కూర్చోనివ్వాలి."

ఇద్దరూ ఒకేసారి కుర్చీ కోసం కదిలారు. వెతికితే ఆ గదిలో పిల్లలు కూర్చునే కుర్చీ ఒక్కటీ లేదు.